నారుకు లొంగని పువ్వు

మా మావయ్య చెయ్యి పడితే ఎండుకట్టె కూడా చిగురేస్తుందని పర్చూరు చుట్టుపక్కల ఓ పేరుంది. ఆ పేరు పుట్టించిందీ, ఊరూరా మోసిందీ ఆయనే అనుకోండి, అది వేరే సంగతి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మిరపనారు పోసి, పీకి, నాటిన మనిషి. పిల్లనిచ్చిన మేనమామ కూడా కాబట్టి సేద్యం విషయంలో ఆయన ముందు నోరెత్తే అలవాటు నాకు లేదు. మిగతా విషయాల్లో మా ఆవిడ ముందు లేదు.

పొలం కౌలుకిచ్చేసి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో మా ఇంట్లో ఉంటున్న దగ్గర్నుంచీ ఆయన వ్యవసాయమంతా మా వరండాకీ ప్రహరీగోడకీ మధ్యనున్న జాగాలోకి వచ్చిపడింది. గట్టిగా కొలిస్తే అర సెంటు ఉండదు. ఆయన మాత్రం దాన్ని చేను అనే అంటాడు. పొద్దున్నే తలగుడ్డ చుట్టి, “చేలోకి పోయొస్తానమ్మాయ్” అని కూతురికి చెప్పి రెండు మెట్లు దిగుతాడు. ఏదో ఒక రోజు మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే “ఇంటిదాకా ఎవరొస్తారు, క్యారేజీ పంపించు” అంటాడేమోనని నా భయం.

మా లైన్లో మొక్కలు కొనేవాళ్ళు తక్కువ. కడియం నుంచి మొక్కల బండి వచ్చి వీధిలో ఆగితే అందరూ చుట్టూ చేరి, పేరడిగి, ధరడిగి, ఎవరో ఒకరి చేత కొనిపించి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఏడాది తిరిగేసరికి ఆ మొక్క అన్ని ఇళ్ళలోనూ ఉంటుంది. పూత అయిపోయాక చామంతిని మొదటికంటా కత్తిరిస్తే చుట్టూ పిలకలు లేస్తాయి. తొలకరి పడగానే వాటిని వేరుతో సహా విడదీసి, తడిగుడ్డలో చుట్టి, చీర కొంగు కింద పెట్టుకుని చేరవేస్తారు. నేల సంపెంగ అయితే దుంపలు తవ్వి పంచుకుంటారు. మల్లెకొమ్మని వంచి మట్టిలో తొక్కి పైన ఇటుకరాయి పెడితే అదే అంటు. మందారం, నందివర్ధనం అయితే కొమ్మ విరిచి గుచ్చితే చాలు. మనీప్లాంటు మాత్రం అడిగి తీసుకుంటే పెరగదట, దొంగతనంగా తుంచుకుపోవాలట. ఈ శాస్త్రం మీద మా వీధికి ఉన్న గురి వల్ల మా మనీప్లాంటు తీగ ఇంతవరకూ గేటు దాటి బయటికి రాలేదు.

ఇలాంటి వీధిలోకి పాపీ అనే పువ్వు రావడానికి కారణం మా చిన్న మరదలు. మిషిగన్‌లో ఉంటుంది. ఓ జూన్ నెలలో వాళ్ళ పెరట్లో పూసిన పాపీల ఫొటోలు కుటుంబం గ్రూపులో పెట్టింది. ఒక్కో పువ్వు అరచెయ్యి కన్నా పెద్దది, నారింజ కలిసిన ఎరుపు, అడుగున నల్లటి మచ్చ. ఓరియెంటల్ పాపీ అంటారట. సొంతూరు టర్కీ, ఆర్మేనియా వైపు కొండలు. మా ఆవిడ ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసి, “మాకూ ఓ పిలక పంపించవే” అని వాయిస్ మెసేజ్ పెట్టింది. మిషిగన్‌కీ బ్రాడీపేటకీ మధ్య అడ్డం పిట్టగోడ ఒక్కటేనన్నట్టుంది ఆ గొంతు.

వేరుముక్క దేశం దాటాలంటే ఇక్కణ్ణుంచి దిగుమతి పర్మిటు కావాలి, అక్కణ్ణుంచి తెగులు లేదని ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు కావాలి. అవన్నీ తెచ్చుకున్నా లాభం లేదు. ఆ మొక్కకి చలికాలంలో గట్టి చలి ఉంటేనే మరుసటేడు పూస్తుంది. మన దగ్గర చలికాలమంటే ఫ్యాను మూడు మీద నుంచి ఒకటికి దిగడం. ఇక మే నెలలో రెంటచింతల వైపు నుంచి వచ్చే గాలి దాని వేరుని నేలలోనే వేయించి పెడుతుంది. ఇదంతా మరదలు ఓపిగ్గా చెప్పింది. అంతా విని మా ఆవిడ, “ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా” అంది.

జులైలో ఆ చెల్లెలే బావురుమన్న మొహంతో వీడియో కాల్ చేసింది. “నాన్నా, అంత పూసిందా, మొత్తం ఎండిపోయింది. ఆకు కూడా మిగల్లేదు.” మావయ్య కళ్ళజోడు సవరించుకుని, “నీళ్ళు ఎక్కువైనయ్యి” అన్నాడు. కాసేపాగి “తక్కువన్నా అయ్యుండాలి” అన్నాడు. రెండిట్లో ఒకటి నిజం కాక ఎక్కడికి పోతుందని ఆయన ధీమా. రెండూ కాదు. ఓరియెంటల్ పాపీ పూత ముగిశాక ఎండాకాలంలో పైభాగమంతా వదిలించుకుని వేరు మాత్రం నేలలో పెట్టుకుని పడుకుంటుంది. వాతావరణం చల్లబడ్డాక మళ్ళీ ఆకేస్తుంది. దాన్ని తవ్వి చోటు మార్చాలన్నా, విడదీసి నలుగురికీ పంచాలన్నా అది పడుకున్నప్పుడే, ఆగస్టు ప్రాంతంలో చెయ్యాలి. పెన్సిలంత లావున్న వేళ్ళు ఏరి, రెండు మూడంగుళాల ముక్కలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో అడ్డంగా పడుకోబెట్టి పల్చగా కప్పితే ఒక్కో ముక్కా ఒక్కో మొక్క అవుతుంది. పక్కింటి అమెరికన్ పెద్దావిడ చెప్పిందట ఈ కిటుకు.

మావయ్య మొహం వెలిగిపోయింది. “ఇంతేనా? మన దుగ్గిరాల్లో పసుపుకొమ్ము పెట్టట్లా? అదీ ఇదీ ఒకటే. తవ్వెయ్ అమ్మాయ్!” అన్నాడు. ఆయన ఆధ్వర్యంలో, ఆయన భోజనం వేళకీ కూతురి నిద్ర వేళకీ మధ్య, ఫోను ఒక చేత్తో పార ఒక చేత్తో పట్టుకుని మా మరదలు ఆ పాదు మొత్తం తవ్వింది. ముక్కలు కోసింది, కుండీల్లో పెట్టింది, మూడొంతులు మొలిచాయి. ఖాళీ అయిన చోట తండ్రి సలహా మీదే ఓ చిన్న తులసికోట కూడా పెట్టుకుంది. అయితే పాపీ వేళ్ళు లోతుకి పోతాయి, ఎంత తవ్వినా అడుగున తునకలు మిగులుతాయి. మరుసటి ఏప్రిల్లో కోట చుట్టూ, కోట కింది నుంచీ కూడా పాపీ ఆకులు లేచాయి. మంచుకి తట్టుకోలేక తులసి ఇంట్లోకి వచ్చేస్తే కోటకి పాపీయే దిక్కయింది.

ఈ విజయం మావయ్య తలకెక్కింది. పాపీ అంటే పసుపుతో సమానం, దాని సంగతి నాకొదిలెయ్యండి అని ఆయన నమ్మిన తర్వాతే మా చేలోకి అసలు పాపీ వచ్చింది. వచ్చింది వేరే రకం.

మన చలికాలానికి పనికొచ్చేది ఒక్క కారులో పుట్టి పూసి పోయే షర్లీ పాపీ. 1880 ప్రాంతంలో లండన్ దగ్గర షర్లీ అనే ఊళ్ళో విలియం విల్క్స్ అని ఓ చర్చి ఫాదరు ఉండేవాడు. ఆయన తోట పక్కన కలుపులో ఎర్ర పాపీలు పూస్తే, వాటిలో ఒక్క పువ్వుకి అంచున సన్నటి తెల్లగీత కనిపించింది. ఆ ఒక్కదాని గింజలు దాచాడు. మరుసటేడు వాటిల్లో నచ్చినవి ఉంచి మిగతావి పీకేశాడు. అలా ఏటా ఏరి ఏరి, గులాబీ, తెలుపు, నారింజ రంగుల్లోకి తెచ్చాడు. అన్నీ పుట్టింది ఆ ఒక్క కలుపుమొక్క నుంచే. మా గుంటూరు లాం ఫారంలో కొత్త మిరప రకాల కోసం శాస్త్రవేత్తలు చేసే పని కూడా, లెక్కకి, ఏరడమూ పీకడమూనే. కాకపోతే ఫాదరు గారికి మిర్చి యార్డులో ధర పలకాల్సిన బాధ లేదు.

మా ఆవిడ ఆన్‌లైన్లో తెప్పించిన పొట్లంలో గింజలు చూసి మావయ్య నిరాశపడ్డాడు. ఉఫ్ అంటే పోయేంత సన్నం. గ్రాముకి వేలల్లో తూగుతాయి. “గసగసాల్లో సగం కూడా లేవు, వీటికి డబ్బులిచ్చారా?” అన్నాడు. అన్నాడే గానీ కార్తీకం రాగానే తలగుడ్డ బిగించాడు. మా ఊరి చేలోంచి నల్లరేగడి రెండు బస్తాలు ఆటోలో వచ్చింది. ఇసుక వచ్చింది. పశువుల ఎరువు జల్లెడ పట్టి, వేపపిండి కలిపి, జానెడెత్తు మడి కట్టాడు. నారుకుళ్ళు రాకుండా కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకి మూడు గ్రాముల లెక్కన కలిపి మడి తడిపాడు. వేలితో గీతలు గీసి, గింజ వేసి, మట్టి కప్పి, పైన వరిగడ్డి పరిచాడు. ఆ మడి మిరపకి అమర్చినట్టుంది. పేరు పెట్టడానికి వీల్లేదు.

పాపీకి అది జైలు. ఆ గింజకి వెలుతురు తగలాలి, తగిలితేనే మొలుస్తుంది. మట్టి కప్పకూడదు, ఊరికే నేలమీద అద్ది వదిలెయ్యాలి. మడి మధ్యలో ఏమీ రాలేదు. గాలికి గడ్డి జారిపోయిన అంచుల్లో మాత్రం ఆకుపచ్చ దారప్పోగుల్లాంటివి లేచాయి. మావయ్య వాటిని రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కపెట్టేవాడు. మధ్యాహ్నం నిద్రలేచి లెక్కపెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయని మా ఆవిడ వాదన.

ఆకులు నాలుగైదు వచ్చి, కొత్తిమీర మాదిరి చీలికలు తేరాక, ఆయన మడికి నీళ్ళు పెట్టి నారు పీకాడు. సాయంత్రం పూట, ఎండ దిగాక, నేర్పుగా. వేళ్ళు బురదలో ముంచి, జానెడు దూరంలో సాలు తప్పకుండా నాటి, ఒక్కోదాని పక్కనా గుప్పెడు నీళ్ళు పోశాడు. “మూడోనాటికి తేరుకుంటయ్యి చూడు” అన్నాడు. మూడోనాడు ఆ సాళ్ళలో ఎండు పోగులు తప్ప ఏం లేవు.

ఆ తర్వాత మా ఇంట్లో విచారణ మొదలైంది. తప్పు విత్తనాలు అమ్మినవాడిది. తప్పు బోరు నీళ్ళది, ఉప్పు ఎక్కువ. తప్పు ఆ పూట తుమ్మిన పాలబ్బాయిది. నాదీ ఓ తప్పుందని తేలింది. నాట్లు వేస్తుంటే వరండాలో నిలబడి ఫోను చూసుకున్నానట, చేలో మనిషి చేలోకి చూడాలట. ఇన్ని తప్పులు తేలాక అంతా విని మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“నాన్నా, మనం మిరపనారు పీకి నాటతాం. మరి పత్తి?”

“పత్తికి నారేందమ్మా? గింజ పెడతాం.”

“ఎందుకు?”

మావయ్య నోరు తెరిచి, మూసి, తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. జవాబు ఆయనకి తెలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాగలి పట్టిన ఎవరికైనా తెలుసు. మిరపకి పీకేటప్పుడు తల్లివేరు తెగినా పక్కవేళ్ళు గుబురుగా వస్తాయి, నాటినచోట కుదురుకుంటుంది. పత్తి తల్లివేరు మీదే బతుకుతుంది, నిలువునా లోతుకి దిగుతుంది, దాన్ని కదిపితే అంతే సంగతులు. అందుకే రైతు మడిలో కాక చేలోనే గింజ పెడతాడు. షర్లీ పాపీది పత్తి తత్వం. సన్నటి ఒంటివేరు తిన్నగా కిందికి దిగుతుంది, తెగితే మళ్ళీ వెయ్యదు. ఓరియెంటల్ పాపీ ఏళ్ళ తరబడి నేలలో లావెక్కిన వేరు కాబట్టి ముక్కముక్కకీ ప్రాణం ఉంటుంది. ఇది నాలుగు నెలల్లో పుట్టి పూసి పోవాలి, వేరులో దాచుకునే తీరిక దీనికేదీ? కాలిఫోర్నియా పాపీ కూడా ఇదే బాపతు. 1903లో ఆ రాష్ట్రపు పువ్వయి కూర్చుంది, కుండీలోంచి తీసి నేలలో పెడితే మాత్రం అలిగి పడుకుంటుంది. పత్తి పండించే నేల మీద పుట్టి ఈ మాత్రం తట్టలేదే అన్న బాధ మావయ్యది. పైగా దాన్ని తట్టేలా చేసింది కూతురు.

“పూర్వం వర్షాధారపు చేలల్లో మిరప కూడా విత్తేవాళ్ళంలే” అని మాత్రం అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

రెండో విడత పని మా ఆవిడ చేతిలోకి వెళ్ళింది. ఇక్కడ ఓ సంగతి గట్టిగా చెప్పాలి. పాపీ గింజ చల్లడానికి రైతు చెయ్యి పనికిరాదు. రైతు గుప్పిట్లోంచి వెదజల్లుతాడు, ఈ గింజ గుప్పిట్లోంచి వస్తే ఒక్కచోటే కుప్పపడుతుంది. ముగ్గేసే చెయ్యి కావాలి. మా ఆవిడ చిటికెడు గింజల్ని గిద్దెడు పొడి ఇసుకలో కలిపింది. మడి మీద ఉన్న గడ్డి తీసేసి, నీళ్ళు చిలకరించి, అరచేత్తో అద్ది చదును చేసింది. వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి ఆ ఇసుకని సన్నటి ధారగా వదిలింది. ఎక్కడా తెగదు, ఎక్కడా లావవ్వదు. నల్లమట్టి మీద తెల్లటి ఇసుక కాబట్టి గింజ ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో ఇట్టే తెలుస్తుంది. అలవాటు పోనిచ్చుకోక చివర్లో ఓ మెలిక కూడా తిప్పింది. పైన మట్టి వెయ్యలేదు, ఓ చెక్కముక్కతో ఒత్తి వదిలేసింది. మావయ్య ఆ చెక్కముక్క మీద నిలబడబోతే ఆపింది.

మావయ్యకి చేతులు ఊరుకోవు. కార్తీక వనభోజనాల్లో మిగిలిన అడ్డాకు దొప్పలు ఓ కట్ట ఉంటే, వాటి అడుగున బ్లేడుతో చీలిక పెట్టి, ఎరువు కలిపిన మట్టి నింపి, ఒక్కో దొప్పలో రెండు మూడు గింజలు అద్దాడు. మొలిచాక ఒక్కటి ఉంచి మిగతావి గిల్లేశాడు. గిల్లేటప్పుడు ఆయన మొహం చూడాలి. నారు పారెయ్యడం ఆయన వంశంలో లేదు. తర్వాత దొప్పకి దొప్పే తీసుకెళ్ళి గోతిలో దించాడు. వేరు కదలదు, చీలికలోంచి దిగిపోతుంది, ఆకు నేలలో కలిసిపోతుంది. అవన్నీ బతికాయి. “ఏందిరా అబ్బాయ్, నాటలా? నాటే బతికించలా?” అని రెండు రోజులు నా వెంటపడ్డాడు. నేను దొప్పని మెచ్చుకున్నాను, ఆయన తనని మెచ్చుకున్నట్టు తీసుకున్నాడు. మీరూ వేసుకుంటే కాయితం టీ గ్లాసులు కూడా పనికొస్తాయి, అడుగు మాత్రం కోసెయ్యాలి.

ఈలోగా ఆ మడిలోనే, మొదటిసారి గింజ రాలేదనుకున్న నడిమధ్యలో, ఓ మొక్క లేచింది. బూడిదరంగు ఆకు, దాని మీద తెల్ల ఈనెలు, అంచునిండా ముళ్ళు. దాన్ని చూస్తూనే మావయ్య కొడవలి కోసం లోపలికి పరిగెత్తాడు. “బ్రహ్మదండి! మట్టితో పాటు వచ్చింది. ఇది పడ్డ చేలో పత్తి తీసేవాళ్ళు కాలు పెట్టరు.” మా ఆవిడ ఆయన వచ్చేలోపు ఫోనుతో ఫొటో తీసింది. మొక్కల్ని గుర్తుపట్టే ఆ యాప్ గిర్రున తిరిగి చెప్పిన జవాబు: మెక్సికన్ పాపీ.

నిజమే. ఈ బ్రహ్మదండి పాపీ కుటుంబంలోదే. తుంచితే పసుప్పచ్చ పాలు కారతాయి, పచ్చటి పువ్వు పల్చటి రేకులతో పూస్తుంది. ఎవరూ నారు పొయ్యకుండా, నాటకుండా, దొప్ప కట్టకుండా మన కాలవగట్లంతా, చేలగట్లంతా ఏటా అదే పుడుతుంది. వేల మైళ్ళ అవతల విత్తనాల కేటలాగుల్లో దీన్ని తోటపువ్వుగా డబ్బులకి అమ్ముతారని మా ఆవిడ చూపిస్తే మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయన జీవితంలో ఎన్ని బళ్ళ సొమ్ము కోసి పారేశాడో లెక్కేసుకుంటున్నట్టనిపించింది.

మెక్సికో అనేసరికి మావయ్యకి కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే ఆ ఊరి మీద మనం కోప్పడ్డానికి లేదు. మిరప అక్కడిదే, పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి వచ్చింది. బతుకమ్మకీ సంక్రాంతికీ గుమ్మాలకి కట్టే బంతి అక్కడిదే. చేలల్లో ఇప్పుడు మనం వేస్తున్న పత్తి రకాల తాతలూ అటువైపు వాళ్ళే. పిలిచిన మూడింటి మీదా మనం బతుకుతున్నాం, పిలవని నాలుగోది మన మీద బతుకుతోంది. ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. దాని గింజలు నల్లగా ఆవాల్లా ఉంటాయి, అక్కడే ప్రమాదం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి వేలమందికి ఒళ్ళు వాచిపోయి, అరవై మందికి పైగా పోయారు. అందుకని ఆ మొక్క విషయంలో మాత్రం మావయ్య కొడవలికే నా ఓటు.

సంక్రాంతి వెళ్ళాక మా పాపీలు మొగ్గ తొడిగాయి. సన్నటి కాడ మీద నూగు మొగ్గ తలకిందులుగా వేలాడుతుంది. వాడిపోయిందని మావయ్య బిందెడు నీళ్ళు పొయ్యబోతే ఆపడం నా వంతయింది. విచ్చే ముందు రోజు మెడ నిటారుగా లేపుతుంది. తెల్లారి, నూగు డొప్పలు రెండూ ఊడి కిందపడతాయి, రేకులు లోపల్నుంచి ఉతికి పిండి ఇస్త్రీ చెయ్యని మంగళగిరి చీరలా ముడతలతో బయటికొస్తాయి, ఎండ పైకెక్కే కొద్దీ ఆ ముడతలు వాటంతటవే సాగుతాయి. ఎనిమిదయ్యేసరికి తేనెటీగలు వచ్చి వాలతాయి. తేనె ఉండదు అందులో, పుప్పొడి కోసమే వస్తాయి. మర్నాటికో ఆ మర్నాటికో రేకులు రాలిపోతాయి. వెంటనే ఇంకో మొగ్గ.

వీధి ఆడవాళ్ళు గుంపుగా వచ్చి చూశారు. అందం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. దండకి వస్తుందా? రాదు, సూది గుచ్చితే రేకు ఊడుతుంది. జడలో? గుమ్మం దాటేలోపు రాలుతుంది. దేవుడికి? వాసన లేదు, మధ్యాహ్నం దాకా ఉండదు. “మరెందుకమ్మా ఇది?” అని మూడో ఇంటి పిన్నిగారు సూటిగా అడిగింది. దానికి మా ఆవిడ దగ్గరా జవాబు లేదు. అంత పనికిరాని దాన్ని పెంచుతోందంటే డబ్బు బాగా ఉందనుకున్నారో ఏమో, ఆ వారంలోనే రెండు చీటీలకి అడిగారు.

అయినా వెళ్ళేటప్పుడు అందరిదీ ఒకటే మాట: “ఓ పిలక ఇవ్వు.” దీనికి పిలకలుండవు, దుంపలుండవు, కొమ్మ గుచ్చితే బతకదు అని మా ఆవిడ చెప్పి చూసింది. మిషిగన్ చెల్లెలు చెప్పినప్పుడు తను ఏమందో, అచ్చం ఆ మాటే వాళ్ళ మొహాల్లో కనిపించింది.

గొడవ మాత్రం ఎదురింటి నుంచి వచ్చింది. ఆయన రిటైర్డ్ తహసీల్దారు. పొద్దున వాకింగ్ నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి, పువ్వుని చూసి, కాయని చూసి, గొంతు తగ్గించి, “ఇది గసగసాల మొక్క కదండీ?” అన్నాడు. “ఎన్డీపీఎస్ యాక్టు, 1985. లైసెన్సు లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. లైసెన్సులు కూడా మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వాళ్ళకే. మీరేమో మెయిన్ గేటు ముందే వేశారు.” ఆయన చెప్పింది చట్టం ప్రకారం అక్షరాలా నిజం. నల్లమందు గసగసాల మొక్క గురించైతే.

మావయ్యకి ముచ్చెమటలు పోశాయి. పొలంలో పులి వచ్చినా జంకడు గానీ స్టేషను గడప ఎక్కాలంటే ఆయనకి భయం. గోనెసంచి తెచ్చి మొక్కల మీద కప్పబోయాడు. మా ఆవిడ ఒక్కటే పని చేసింది. ఆకు తెంపి ఆయన చేతిలో పెట్టింది. నల్లమందు మొక్క ఆకు నున్నగా, బూడిద కలిసిన నీలం రంగులో, మైనం పూసినట్టుండి కాడని చుట్టి పట్టుకుంటుంది. కాయ కోడిగుడ్డంత ఉంటుంది. మా షర్లీ పొలాల పాపీ, ఆకు పచ్చగా, చీలికలతో, ఒళ్ళంతా నూగు, కాయ పెద్ద బఠాణీ గింజంత. దాన్లో నల్లమందు లేదు. తహసీల్దారు గారు ఆకుని వెనకా ముందూ తిప్పి, నూగు వేలితో రుద్ది, ఫైలు మీద సంతకం పెట్టేముందు ఉండే మొహంతో “ఊఁ” అన్నాడు. ఆదివారం ఆదివారం కోడికూరలోకి గసగసాలు, ఎండుకొబ్బరి నూరే రుబ్బురోలు చప్పుడు వీధికంతటికీ వినిపించేది వాళ్ళింట్లోంచే. ఆ గసగసాలు ఏ మొక్కవని మావయ్య అడగబోయాడు. గింజలకి చట్టం అడ్డం లేదులే అని నేను ఆయన్ని లోపలికి తీసుకుపోయాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర పాపీ గురించి ఇంకో కథ చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం పొలాల్లో ఫిరంగి గుళ్ళు పడి నేల తిరగబడ్డ చోటల్లా ఈ ఎర్రపువ్వే విరగబూసింది. గింజ ఏళ్ళ తరబడి నేలలో పడుండి, మట్టి కదిలి వెలుతురు తగలగానే మొలుస్తుంది. 1915లో జాన్ మెక్‌క్రే అనే కెనడా సైనిక వైద్యుడు దాని మీద పద్యం రాశాడు. యుద్ధం ముగిసిన కొన్నేళ్ళ నుంచీ బ్రిటన్‌లో నవంబరు వస్తే చచ్చిపోయిన సైనికుల జ్ఞాపకంగా కోటుకి ఎర్ర కాయితం పువ్వు పెట్టుకుంటారు. మావయ్య పెరుగన్నం కలుపుతూ విన్నాడు. “నేల కదిపితే కలుపు మొలవదంట్రా? దానికి ఫిరంగులు కావాలా, గొర్రు తోలితే చాలదూ?” అన్నాడు. కాసేపాగి, “పాపం పిల్లలు” అని చెయ్యి కడుక్కున్నాడు.

మార్చికల్లా ఎండ ముదిరి మొక్కలు పండిపోయాయి. కాయ పైన చిన్న మూత, మూత కింద చుట్టూ సన్నటి కన్నాలు. గాలికి కాడ ఊగినప్పుడల్లా ఆ కన్నాల్లోంచి గింజలు కాసిని బయటికి రాలతాయి. కాయని తలకిందులు చెయ్యకుండా కోస్తే ఒక్క గింజ పోదు. మావయ్య మొదటి కాయని మిరపకాయ తుంచినట్టు తుంచి, తిప్పి చూసి, చెప్పులో పోసుకున్నాడు. మిగతావి మా ఆవిడ కోసింది. స్టీలు గిన్నెలో దులిపి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, పాత క్యాలెండరు కాయితాలు చింపి పొట్లాలు కట్టింది. ప్రతి పొట్లంతోనూ ఒకటే ఉపన్యాసం: కార్తీకం దాకా తెరవొద్దు, నారు పొయ్యొద్దు, మట్టి కప్పొద్దు, ఇసుకలో కలిపి ముగ్గులా వదలండి, మొలిచాక జానెడుకొకటి ఉంచి మిగతావి పీకెయ్యండి. “పీకడమెందుకు, దొప్పల్లో పెట్టుకోండి, ఎట్టాగో నేను చూపిస్తా” అని మావయ్య ప్రతి పొట్లం వెనకా గేటు దాకా వెళ్ళొచ్చాడు.

అందరూ తీసుకున్నాక తహసీల్దారు గారు వచ్చాడు. వాళ్ళావిడ అడిగిందట, ఆయనకైతే ఆసక్తి లేదట. మా ఆవిడ పొట్లం ఇచ్చింది. ఆయన పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వెనక్కిచ్చాడు.

“అమ్మా, దీనిమీద ఇది గసగసాలు కాదని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టివ్వండి.”

మా ఆవిడ రాసిచ్చింది. సాక్షి సంతకం మావయ్యది.